బాలల పరిశీలనా గృహాల్లో మానసిక ఆరోగ్య సలహాసేవలు

చట్టాన్ని ఉల్లంఘించారన్న ఆరోపణపై విచారణ ఎదుర్కొనే, లేదా ఉల్లంఘించినట్టు తేలిన, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను ఉంచే గృహాల్లో మనోవైద్యులు, మనస్తత్వ నిపుణులు, మనోసామాజిక కార్యకర్తలు అందించే పరీక్షలు, చికిత్స, సిబ్బంది శిక్షణ, గృహ నిర్వహణపై సూచనలు అన్నీ కలిసి ఈ సేవారంగం ఏర్పడింది. సాధారణ వైద్యానికీ దీనికీ ప్రధానమైన తేడా ఉంది. ఇక్కడ నిపుణుడు ఒక్కొక్క బిడ్డను విడిగా చూడటంతో ఆగక, ఆ బిడ్డ పగలూ రాత్రీ గడిపే గృహం తీరును, అక్కడి పెద్దల మాటను, ఖాళీ వేళలను, శిక్షల పద్ధతిని కూడా పరిశీలించి మార్పులు సూచిస్తాడు. భారతదేశంలో ఈ సేవకు చట్టబద్ధమైన పునాది ఉంది. అయితే గృహంలో ఎంత శ్రద్ధగా సాగినా, బిడ్డ తిరిగి చేరే ఊరిదాకా రాని సేవకు నిలకడైన ఫలితం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ ప్రకాశంగా పిలిచే త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు వంటి ప్రాంతాల పిల్లల విషయంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

సంస్థలు, వ్యవహార పదాలు

ప్రజల వాడుకలో 'జువెనైల్ హోం' అనే ఒకే మాట ఉన్నా, బాల న్యాయ చట్టం మూడు రకాల సంస్థలను వేరు చేస్తుంది. విచారణ ముగిసేవరకు పిల్లలను తాత్కాలికంగా ఉంచేది పరిశీలనా గృహం. తప్పు చేసినట్టు జువెనైల్ జస్టిస్ బోర్డు నిర్ధారించిన తర్వాత గరిష్ఠంగా మూడేళ్ల వరకు సంస్కరణ సేవల కోసం పంపేది ప్రత్యేక గృహం. పద్దెనిమిదేళ్లు దాటినవారిని, లేదా ఘోర నేరారోపణ ఉన్న పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల లోపువారిని ఉంచేది సురక్షిత స్థలం. ఈ పిల్లలను నేరస్థులని పిలవకుండా 'చట్టంతో విభేదించిన బాలలు' అని వ్యవహరిస్తారు. వీరి కేసులను విచారించే ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ గృహాల నిర్వహణ బాలల సంక్షేమం, సంస్కరణ సేవల శాఖ పరిధిలోకి వస్తుంది.

చారిత్రక నేపథ్యం

బ్రిటిష్ పాలనలో 1876, 1897 సంవత్సరాల సంస్కరణ పాఠశాలల చట్టాలు పిల్లలను జైలుకు బదులు బడివంటి సంస్థలకు పంపే ఏర్పాటు చేశాయి. మద్రాసు రాజధానిలో చెంగల్పట్టులో 1887లో నెలకొన్న సంస్కరణ పాఠశాల ఈ కోవకు చెందినదే. 1919–20 నాటి భారత జైళ్ల కమిటీ పిల్లలకు వేరు న్యాయస్థానాలు, వేరు నివాసాలు అవసరమని సిఫారసు చేసింది. 1920లో వచ్చిన మద్రాసు బాలల చట్టం దేశంలో ఈ తరహా తొలి చట్టం. పశ్చిమ ప్రకాశం ప్రాంతం అప్పుడు మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లా భాగం కాబట్టి ఆ చట్టం ఈ ప్రాంతానికీ వర్తించింది. హైదరాబాదు రాష్ట్రంలో ఇటువంటి చట్టం 1951లో వచ్చింది.

ఆ కాలపు సంస్కరణ భావనలో క్రమశిక్షణకు, చేతిపనికి చోటు ఉన్నంతగా మనసుకు చోటు లేదు. దానికి తోడు, 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కొన్ని సంచార సమూహాలను పుట్టుకతోనే అనుమానితులుగా నమోదు చేసింది. 1897 నాటి సవరణ ఆ సమూహాల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ స్థావరాల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. తెలుగు ప్రాంతంలో స్టూవర్టుపురం వంటి స్థావరాలు ఆ విధానపు గుర్తులు. చట్టం 1952లో రద్దయినా, కులాన్నిబట్టి పిల్లవాడి స్వభావాన్ని ఊహించే అలవాటు అంత తొందరగా పోలేదు. కనుక ఈనాటి నిపుణుడు పరీక్షా నివేదిక రాసేటప్పుడు ఈ చరిత్రను గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ప్రపంచంలో తొలి బాలల న్యాయస్థానంగా చెప్పేది 1899లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, షికాగో నగరంలో ప్రారంభమైంది. పదేళ్ల తర్వాత, 1909లో, అదే నగరంలో విలియం హీలీ అనే వైద్యుడు ఆ న్యాయస్థానానికి వచ్చే పిల్లలను పరీక్షించే ప్రత్యేక సంస్థకు నాయకత్వం వహించాడు. పిల్లవాడి చేష్టకు ఒకే కారణం వెతకకుండా కుటుంబం, ఆరోగ్యం, బడి, స్నేహాలు అన్నీ విడివిడిగా చూసి ప్రతి బిడ్డకూ ప్రత్యేక నివేదిక రాయాలన్న పద్ధతి అక్కడ బలపడింది. న్యాయవ్యవస్థకు మానసిక నిపుణులు సలహా ఇచ్చే సంప్రదాయానికి ఆ ప్రయత్నాన్ని ఆరంభంగా పరిగణిస్తారు.

చట్టపరమైన పునాది

స్వతంత్ర భారతంలో దేశమంతటికీ ఉద్దేశించిన తొలి బాల న్యాయ చట్టం 1986లో వచ్చింది. అందులో బాలురకు పదహారు, బాలికలకు పద్దెనిమిది ఏళ్ల వయోపరిమితి ఉండగా, 2000 నాటి చట్టం ఇద్దరికీ పద్దెనిమిదేళ్లుగా మార్చింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరడం ఈ మార్పుకు ముఖ్య ప్రేరణ. ప్రస్తుతం అమల్లో ఉన్న 2015 నాటి బాల న్యాయ (సంరక్షణ, రక్షణ) చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం, పట్టుకున్న బిడ్డను పోలీసు లాకప్‌లో గాని జైలులో గాని ఉంచరాదు. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. బెయిలు ఇవ్వడమే సాధారణ నియమం. విడుదల వల్ల బిడ్డకు నైతిక, శారీరక లేదా మానసిక ప్రమాదం ఉందని, లేదా నేరగాళ్ల సాంగత్యం కలుగుతుందని, లేదా న్యాయం దెబ్బతింటుందని బోర్డు భావిస్తేనే దాన్ని నిరాకరించవచ్చు. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం కావాలన్నది చట్టం చెప్పిన మూలసూత్రాల్లో ఒకటి. బిడ్డ కుటుంబ పరిస్థితులను తెలిపే సామాజిక పరిశోధన నివేదికను ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో బోర్డుకు అందించాలి.

సంస్థలు తప్పనిసరిగా అందించవలసిన పునరావాస సేవల పట్టికలో, బిడ్డ అవసరాన్నిబట్టి కౌన్సెలింగుతో సహా మానసిక ఆరోగ్య సేవలను చట్టంలోని 53వ సెక్షను చేర్చింది. 2016లో కేంద్రం ప్రకటించిన నమూనా నియమాలు దీన్ని వివరించాయి. గృహ వాతావరణంలో వేధింపు ఉండకూడదని, ప్రతి బిడ్డకూ వ్యక్తిగత చికిత్స అందుబాటులో ఉండాలని, అర్హులైన నిపుణుల పరీక్ష, రోగనిర్ధారణ లేకుండా మానసిక సమస్యలకు మందులు ఇవ్వరాదని అవి చెబుతాయి. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్న బిడ్డను చికిత్సాలయానికి, మత్తుకు బానిసైన బిడ్డను పునరావాస కేంద్రానికి పంపడానికి 93వ సెక్షను వీలు కల్పిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనరును ఆసుపత్రిలో చేర్చడానికి స్వతంత్ర పరీక్షలు అవసరం. వయోజనులతో కలిపి ఉంచరాదు.

సమస్య స్వరూపం

నిర్బంధంలో ఉన్న పిల్లల్లో మానసిక సమస్యలు బయటి పిల్లల్లో కంటే ఎక్కువని వివిధ దేశాల పరిశోధనలు నిలకడగా చూపుతున్నాయి. లిండా టెప్లిన్ బృందం షికాగోలో 1,829 మంది పిల్లలను పరీక్షించి 2002లో ప్రకటించిన అధ్యయనంలో బాలురలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి, బాలికల్లో నాలుగింట మూడు వంతులకు చేరువలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. 2008లో సీనా ఫాజెల్ బృందం 25 సర్వేలను క్రోడీకరించగా తీవ్ర కుంగుబాటు బాలురలో 10.6 శాతం, బాలికల్లో 29.2 శాతం కనిపించింది. ఇవి చాలావరకు పాశ్చాత్య దేశాల అంకెలు కాబట్టి వాటిని మన గృహాలకు యథాతథంగా అన్వయించకూడదు. అయితే బాలికల వేదన మరింత లోతుగా ఉండే అవకాశాన్ని, బయటికి కోపంగా కనిపించేది లోపల దిగులు కావచ్చునన్న సంగతిని అవి గుర్తుచేస్తాయి.

మత్తు విషయంలో భారతీయ ఆధారం స్పష్టంగా ఉంది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వేలో, వైట్‌నర్, పంక్చరు అతికించే జిగురు వంటి పీల్చే పదార్థాల వాడకం పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం అని తేలింది. పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు రకం ఇదొక్కటే. వీటిని కొనడానికి లైసెన్సు అక్కరలేదు, ధర తక్కువ. కనుక గృహంలోకి వచ్చే ప్రతి బిడ్డనూ ఈ విషయం అడగడం అవసరమవుతుంది.

సేవల అంగాలు

మొదటి అంగం ప్రవేశ సమయపు పరీక్ష. ఇది రోగనిర్ధారణ కాదు. వెంటనే చూడవలసిన ప్రమాదం ఎవరికి ఉందో వేరుచేసే జల్లెడ. ఆత్మహత్య ఆలోచన, మత్తు మానినప్పుడు వచ్చే వణుకు, నిద్రలేమి, ఇటీవలి దెబ్బలు, లైంగిక హింస, మూర్ఛ, మేధోవైకల్యం వంటివి ఇందులో చూస్తారు. అమెరికాలో థామస్ గ్రిసో, రిచర్డ్ బార్నమ్ రూపొందించిన 52 ప్రశ్నల పత్రాన్ని మానసిక నిపుణులు కాని సిబ్బంది కూడా పావుగంటలో పూర్తిచేయగలరు. ఇటువంటి పత్రాలను తెలుగులోకి మార్చడంతో పని పూర్తికాదు. చదవడం రాని బిడ్డకు నోటిమాటగా, తన ఇంటి పలుకుబడిలో అడిగినప్పుడు కూడా ప్రశ్న అదే అర్థాన్ని ఇస్తోందో లేదో పరీక్షించి ఖాయం చేసుకోవాలి.

రెండో అంగం సమగ్ర అంచనా, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక. బిడ్డ ఆరోగ్యం, చదువు, కుటుంబం, ఇష్టాలు, భయాలు పరిశీలించి అతనితో కలిసి రాసుకునే ఈ ప్రణాళికను చట్టమే కోరుతుంది. బడిలో వెనకబడిన బిడ్డకు అభ్యసన వైకల్యం ఉందా, పనికి పోవడం వల్ల చదువు ఆగిందా అన్నది తేల్చకుండా 'మందబుద్ధి' అని రాసేస్తే ఆ మాట బిడ్డ వెంట ఏళ్ల తరబడి నడుస్తుంది.

మూడోది చికిత్స. ఆలోచనకూ చర్యకూ మధ్య కాస్త ఆగడం నేర్పే ప్రవర్తనా చికిత్స, మత్తు మానాలన్న కోరిక బిడ్డ నోటినుంచే వచ్చేలా సాగే సంభాషణ, గాయపడిన అనుభవాలను భద్రంగా పంచుకునే కౌన్సెలింగు, జీవన నైపుణ్యాల బృంద తరగతులు, కుటుంబ చికిత్స ఇందులో ముఖ్యమైనవి. దీనికి విరుద్ధంగా, భయపెడితే పిల్లలు బాగుపడతారన్న నమ్మకం ఇప్పటికీ బలంగా ఉంది. 1970లలో న్యూజెర్సీలోని రావే జైలులో పిల్లలను ఖైదీల ముందు నిలబెట్టి బెదిరించే కార్యక్రమం ప్రసిద్ధికెక్కింది. ఆంథొనీ పెట్రొసినో బృందం ఆ తరహా ప్రయోగాలన్నిటినీ సమీక్షించగా, అవి తర్వాతి నేరాలను తగ్గించకపోగా పెంచాయని తేలింది. బెదిరింపును సంస్కరణగా భావించే పెద్దలకు సలహాదారు ఈ ఆధారాన్ని ఓపికగా వివరించవలసి ఉంటుంది.

నాలుగోది ఆత్మహత్యల నివారణ. అమెరికా నిర్బంధ గృహాల్లో 1995–1999 మధ్య జరిగిన బాలల ఆత్మహత్యలను లిండ్సే హేస్ పరిశీలించినప్పుడు, వివరాలు లభించిన మరణాల్లో సగం గదిలో ఒంటరిగా ఉంచిన సమయంలో జరిగినట్టు కనిపించింది. పిల్లలకు ఏకాంత నిర్బంధాన్ని 1990 నాటి ఐక్యరాజ్యసమితి హవానా నియమాలు నిషేధించాయి. వచ్చిన తొలి రోజులు, బెయిలు నిరాకరించిన రోజు, వస్తామన్న ఇంటివాళ్లు రాని రోజు ప్రత్యేక శ్రద్ధ పెట్టవలసినవి. ప్రమాదం ఉందనుకున్న బిడ్డను మనుషుల మధ్య ఉంచి, నమ్మిన పెద్ద ఒకరు తోడుండటమే తొలి రక్షణ.

అయిదోది, తరచుగా వెనకబడిపోయేది, సిబ్బందికి అండ. నిపుణుడు వారానికి కొన్ని గంటలే గృహంలో ఉంటాడు. మిగిలిన సమయమంతా బిడ్డ పర్యవేక్షకులు, వంటవారు, కాపలాదారుల మధ్య గడుస్తుంది. నమూనా నియమాలు చెప్పే పరిసర చికిత్స, అంటే నివాస వాతావరణమే స్వస్థత కలిగించేలా తీర్చిదిద్దడం, వీరి చేతుల్లోనే ఉంది. ఎదురు మాట్లాడిన బిడ్డతో గొంతు పెంచకుండా ఎలా మాట్లాడాలి, నిద్రలో కేకలు వేసే బిడ్డను ఎలా ఓదార్చాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే కబురు చేయాలి అన్నవి నేర్పడం ఈ శిక్షణలో ప్రధానం. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ బాలల, కౌమారుల మనోవైద్య విభాగం బాలల గృహాలతో చేసిన పని నుంచి ఎదిగిన 'సంవాద్' కార్యక్రమం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ తోడ్పాటుతో దేశవ్యాప్తంగా ఇటువంటి శిక్షణ ఇస్తోంది.

ప్రాథమిక అంచనా

కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించిన ఘోర నేరంలో పదహారేళ్లు నిండిన బిడ్డపై ఆరోపణ వచ్చినప్పుడు, ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలను గ్రహించే శక్తి, నేరం జరిగినట్టు చెబుతున్న పరిస్థితులు అనే విషయాలపై బోర్డు మూడు నెలల్లో ప్రాథమిక అంచనా జరపాలని 14, 15 సెక్షన్లు చెబుతాయి. ఇది విచారణ కాదని చట్టమే స్పష్టం చేసినా, బిడ్డను వయోజనుడిలా విచారించాలా వద్దా అన్నది దీనిపై ఆధారపడుతుంది. బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో 2022 జూలై 13న సుప్రీంకోర్టు, బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రంలో లేదా మనోవైద్యంలో అర్హత ఉన్న సభ్యులు లేనప్పుడు నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని తీర్పు చెప్పింది. నిపుణుడి నివేదికకు దీనివల్ల బరువు పెరిగింది, బాధ్యత కూడా పెరిగింది. ప్రజ్ఞాపరీక్షలో మార్కులు రావడం వేరు, తోటివారి ఒత్తిడిలో, ఆవేశంలో పర్యవసానం ఊహించడం వేరు. మొదటిది బాగున్నంత మాత్రాన రెండోది ఉందని రాయడం శాస్త్రసమ్మతం కాదు.

నైతిక నియమాలు

చికిత్స చేసే నిపుణుడు, బోర్డుకు అంచనా నివేదిక ఇచ్చే నిపుణుడు ఒకరే కాకూడదన్నది ఈ రంగంలో గట్టి సూత్రం. నమ్మి చెప్పిన మాట కేసులో తనకే ఎదురుతిరుగుతుందని ఒకసారి తెలిస్తే, ఆ గృహంలోని ఏ బిడ్డా మళ్లీ నోరు విప్పడు. ఇద్దరు నిపుణులు దొరకని చోట, మాట్లాడటానికి ముందే తాను ఎవరి తరఫున వచ్చాడో, ఏది రహస్యంగా ఉంటుందో, ఏది ఉండదో బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. మందులను పిల్లలను నిశ్శబ్దంగా ఉంచే సాధనంగా వాడకూడదు. బిడ్డ గుర్తింపును వెల్లడించడాన్ని 74వ సెక్షను నిషేధిస్తుంది, సంరక్షకులే చేసే క్రూరత్వాన్ని 75వ సెక్షను శిక్షిస్తుంది. గృహంలో హింస గురించి బిడ్డ చెప్పినప్పుడు సలహాదారు మౌనంగా ఉండే హక్కు కోల్పోతాడు.

పశ్చిమ ప్రకాశం పరిస్థితి

1970లో ఒంగోలు కేంద్రంగా, తర్వాత ప్రకాశంగా పేరు మారిన కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లా నుంచి వచ్చి అందులో చేరాయి. నల్లమల అంచున ఉన్న ఈ మెట్ట ప్రాంతానికి కరువు, వలస పాత సంగతులు. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా పేరొందిన త్రిపురాంతకం నుంచి ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్ల దూరం. వాయిదాకు రావాలన్నా, గృహంలో ఉన్న బిడ్డను చూడాలన్నా తల్లిదండ్రులు ఒక రోజు కూలి వదులుకుని బస్సెక్కాలి. మిర్చి కోతలకు గుంటూరు వైపు, కట్టడపు పనులకు హైదరాబాదు, బెంగుళూరులకు పోయిన కుటుంబాలకు అదీ కష్టమే. ఇటువంటి కుటుంబం రాకపోవడాన్ని నిర్లక్ష్యంగా నివేదికలో రాయడం అన్యాయం.

బాల్యం పనిలో గడిచిపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక పథకాన్ని ప్రారంభించినప్పుడు ఎంచుకున్న కొద్ది చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి; ఆంధ్రప్రదేశ్ నుంచి జగ్గంపేట పెంకుల పరిశ్రమ మరొకటి. పలకల పనిలో ఉన్న పిల్లలను ప్రత్యేక బడులకు మళ్లించిన ఆ ప్రయత్నం నుంచి పరిశీలనా గృహాలు నేర్చుకోవలసిన పాఠం ఉంది. బిడ్డ సంపాదన ఆగితే ఇల్లు ఎలా గడుస్తుందన్న ప్రశ్నకు సమాధానం లేకుండా ఇచ్చే కౌన్సెలింగు గడప దాటదు.

దోర్నాల, యర్రగొండపాలెం వైపు చెంచుగూడేలు, ఆ చుట్టుపక్కల సుగాలీ (లంబాడీ) తండాలు ఉన్నాయి. లంబాడీ మాట్లాడే బిడ్డను ప్రామాణిక తెలుగులో, అడవి తప్ప వేరే లోకం ఎరగని చెంచు బిడ్డను పట్నం బొమ్మలున్న పరీక్షలతో కొలిస్తే వచ్చే అంకెకు విలువ లేదు. మరో ముఖ్యమైన అంశం ప్రేమ వ్యవహారాల నుంచి పుట్టే కేసులు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లలోపే పెళ్లయింది. ఇటువంటి సమాజంలో ఇష్టపడి ఊరు దాటిన జంటలో పదిహేడేళ్ల బాలుడు 2012 నాటి లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం కింద గృహానికి చేరవచ్చు. హింసకు పాల్పడిన బిడ్డకూ ఇతనికీ ఒకే తరహా చికిత్స సరిపోదు. ఆ బాలిక పొందవలసిన కౌన్సెలింగు, రక్షణ కూడా మరచిపోకూడదు.

ఇంటికి తిరిగి చేరిన తర్వాత

విడుదలైన తొలి నెలల్లో ప్రొబేషన్ అధికారి, జిల్లా బాలల రక్షణ విభాగం, ఒంగోలు ప్రభుత్వ బోధనాసుపత్రి మనోవైద్య విభాగం, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అవసరం. ఎవరి కాగితం వారి దగ్గర ఆగిపోతే మందు సగంలో ఆగుతుంది. మార్కాపురం ప్రభుత్వాసుపత్రిలోనే నెలకోసారైనా మనోవైద్యుడు చూసే ఏర్పాటు ఉంటే కుటుంబానికి ప్రయాణ భారం తగ్గుతుంది. కొవిడ్ సమయంలో, 2020 ఏప్రిల్ 3న, బాలల గృహాలపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఆన్‌లైన్ కౌన్సెలింగుకు దారి చూపాయి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా అందుతోంది. బాలల సహాయవాణి 1098. దూరపు ఊళ్లకు ఇవి ఉపయోగకరమే గాని, బిడ్డను ఎరిగిన మనిషి స్థానాన్ని భర్తీ చేయలేవు.

ఊళ్లో ఆశా కార్యకర్త, గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసు, హెడ్మాస్టరు సాయపడగలరు. అయితే బిడ్డ గృహంలో ఉన్న సంగతి ఎంతమందికి తెలియాలో కుటుంబంతో ముందే మాట్లాడి నిర్ణయించాలి. నేరనిర్ధారణ వల్ల వచ్చే అనర్హతలు చాలావరకు బిడ్డకు వర్తించవని 24వ సెక్షను చెబుతుంది. మళ్లీ బడిలో చేర్చుకోవడం, ఐటీఐలో సీటు, పనిలో చోటు దొరకడం ఆ హామీకి నిజమైన అమలు.

మూల్యాంకనం

ఈ సేవ ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి జరిపిన సమావేశాల సంఖ్య, పంచిన కరపత్రాల సంఖ్య సరిపోవు. ప్రవేశించిన ప్రతి బిడ్డకూ తొలి రోజుల్లో పరీక్ష జరిగిందా, ప్రమాదంలో ఉన్న బిడ్డను ఎంత త్వరగా నిపుణుడు చూశాడు, రాసిన ప్రణాళిక బిడ్డకు తెలుసా, సిబ్బంది శిక్షణ తర్వాత కొట్టడం, ఒంటరిగా ఉంచడం తగ్గాయా, ఆరునెలల తర్వాత బిడ్డ బడిలోనో పనిలోనో ఉన్నాడా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. తనిఖీ కమిటీలు, బోర్డు సభ్యులు, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషను ఈ ప్రశ్నలనే అడిగితే గృహాలు వాటికి తగ్గట్టే సర్దుకుంటాయి. నిర్దోషిత్వపు భావన, గౌరవం, కొత్తగా మొదలుపెట్టే హక్కు అని చట్టం రాసుకున్న మూలసూత్రాలను బిడ్డ రోజువారీ బతుకులోకి తేవడమే ఈ సలహాసేవల అసలు ధ్యేయం. నల్లమల అంచున ఉన్న పల్లె బిడ్డకూ నగరపు బిడ్డతో సమానంగా అది అందినప్పుడే చట్టం అమలైనట్టు లెక్క.